కర్త లేని వాక్యం

"తీసేసిన్రు చెల్లె."

2019 ఎండాకాలం. మాదాపూర్‌లో ఒక ఆఫీసు ఎనిమిదో అంతస్తులో, ఆడవాళ్ళ వాష్‌రూమ్ బయట, మంచినీళ్ళ క్యాన్ల పక్కన నిలబడి ఆమె ఆ మాట అంది. ఎవరు తీసేశారక్కా అని అడిగాను. ఆమె చాలాసేపు ఆలోచించింది. సూపర్‌వైజర్ ఫోన్ చేసి చెప్పాడట. ఆయనకి ఎవరో చెప్పమన్నారట. ఎవరో అంటే ఎవరు? "ఏమో. కంపెనోళ్ళో, ఏజెన్సోళ్ళో. నేనెప్పుడన్న జూసిన్నా వాళ్ళను?"

సాహిత్యంలో పరిశోధన చేసినదాన్ని కావటం వల్ల కాబోలు, ఆ క్షణంలో ఆమె ఉద్యోగం కంటే ముందు ఆమె వాక్యం నన్ను పట్టుకుంది. అందుకు సిగ్గుపడాలో వద్దో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను. తెలుగులో కర్త లేకుండానే వాక్యం హాయిగా నడిచిపోతుంది. తీసేశారు, రావద్దన్నారు, సంతకం పెట్టమన్నారు. క్రియ చివర ఉన్న 'రు'లో ఎవరో ఉన్నారు. అది బహువచనమో గౌరవవాచకమో కూడా తేలదు. మొహం కనపడనివాళ్ళకి, మన నోటి దగ్గర కూడు లాగేసినవాళ్ళకి కూడా మన భాష అడక్కుండానే గౌరవం ఇచ్చేస్తుంది.

ఆమె ఆ అంతస్తు తుడవటం మొదలుపెట్టి అప్పటికి ఏడేళ్ళు. ఆ ఏడేళ్ళలో ఏజెన్సీలు మూడు మారాయి. ప్రతిసారీ అదే బకెట్టు, అదే మాపు, చొక్కా జేబు మీద కుట్టిన పేరు మాత్రం వేరు. పేరు మారినప్పుడల్లా కొత్త పీఎఫ్ నంబరు, కొత్త ఈఎస్ఐ కాగితం, చేరిన తేదీ కూడా కొత్తదే. పని ఏడేళ్ళది, సర్వీసు ఎనిమిది నెలలది. గ్రాట్యుటీ కావాలంటే అప్పటి 1972 చట్టం అయిదేళ్ళ ఎడతెగని సర్వీసు అడిగేది.

నేనూ అక్కడ ఏజెన్సీ మనిషినే. పీహెచ్‌డీ అయ్యాక విశ్వవిద్యాలయాల్లో ఖాళీలు భర్తీ అయ్యేదాకా ఆగలేక, పదకొండు నెలల ఒప్పందం మీద తెలుగు భాషకి సంబంధించిన పనికి చేరాను. జీతం వేరే కంపెనీ ఇచ్చేది. పర్మనెంటు వాళ్ళ మెడలో బ్యాడ్జి తాడు నీలం, మాది బూడిద రంగు. మొదట్లో ఆమె నన్ను మేడం అనేది. ఒకరోజు నా తాడు రంగు చూసి నవ్వి, అప్పటినుంచి చెల్లె అనటం మొదలుపెట్టింది. ఆమె గమనించిన పోలిక నేను గమనించలేదు. అప్పట్లో నేను ఒక సదస్సు పత్రం కోసం ఐటీ జీవితం మీద వచ్చిన తెలుగు కథలు చదువుతున్నాను. ఈ వ్యాసం నిజానికి ఆ పత్రంలో నేను రాయకుండా వదిలేసిన దాని గురించి.

ఆ కథల్లో ఏముంటుంది? క్యాబ్ ఉంటుంది. అర్ధరాత్రి షిఫ్టు, ఆన్‌సైట్ అవకాశం, ఫ్లాటు ఈఎంఐ, విడాకులకు దారితీసే డెడ్‌లైన్లు, అమెరికా నుంచి వచ్చే ఫోన్లు, మాంద్యం రాగానే పింక్ స్లిప్పు ఉంటాయి. వీటిలో మంచి కథలున్నాయి. ప్రపంచీకరణ తర్వాతి నగరంలో కొత్త ఉద్యోగాలు చేస్తున్న యువతుల ఒంటరితనాన్ని కుప్పిలి పద్మ లాంటి రచయిత్రులు ముందుగానే పట్టుకున్నారు. నా ఫిర్యాదు ఏ ఒక్క కథ మీదా కాదు, అందుకే పేర్లు చెప్పటం లేదు. కథ తర్వాత కథ చదువుతూ పోతే మాత్రం ఒక అలవాటు బయటపడుతుంది. నాయిక చేతిలో కప్పు జారుతుంది, తర్వాతి వాక్యంలో నేల శుభ్రంగా ఉంటుంది. నాయిక వాష్‌రూమ్‌లోకి వెళ్ళి తలుపేసుకుని ఏడుస్తుంది, ఆ గది తళతళలాడుతూ ఉంటుంది. ఎవరు తుడిచారు? కర్త లేదు. వాచ్‌మన్‌కి ఒక సెల్యూట్, టీ ఇచ్చే కుర్రాడికి ఒక చిరునవ్వు దొరుకుతాయి. నాయిక ఎంత మంచి మనిషో చూపించాల్సి వచ్చినప్పుడు హౌస్‌కీపింగ్ ఆమెకి పాత చీర ఇస్తుంది. అంతే.

ఈ అలవాటుకి చట్టంలో ఒక పేరుందని నాకు తర్వాత తెలిసింది. 1970 నాటి కాంట్రాక్టు కార్మికుల చట్టానికి 2003లో ఆంధ్రప్రదేశ్ ఒక సవరణ చేసింది. సైబర్ టవర్స్ 1998లో ప్రారంభమైంది. ఆ తర్వాత అయిదేళ్ళకు వచ్చిన సవరణ ఇది. ఒక సంస్థకి 'కోర్' పని, అంటే మూలమైన పని ఏదో అది నిర్వచించింది. కోర్ పనుల్లో కాంట్రాక్టు కూలీలని పెట్టకూడదంది. వినటానికి బాగానే ఉంది. తర్వాత ఏవి కోర్ కావో జాబితా ఇచ్చింది. విమర్శకురాలిగా నేను చదివిన గొప్ప పాఠ్యాల్లో ఈ జాబితా ఒకటి. మొదటిది పారిశుధ్యం: ఊడవటం, కడగటం, దుమ్ము దులపటం, చెత్త ఎత్తిపోయటం. తర్వాత కాపలా. మూడోది క్యాంటీన్, వంట. ఇంకా కిందికి వెళితే తోటపని. ఆ తర్వాత హౌస్‌కీపింగ్, బట్టలుతకటం. మధ్యలో ఎగుమతి దిగుమతులు, కట్టడం పనులు, కొరియర్, చివర్లో రవాణా కూడా ఉన్నాయి కాబట్టి మగవాళ్ళ పనులు లేవని అనను. ఒక సంస్థని ఆ పని కోసమే పెట్టి ఉంటే అప్పుడది మినహాయింపు కాదన్న మాటా ఉంది. అయినా ఆ జాబితాని పైనుంచి కిందికి చదవండి. ఊడ్చి, కడిగి, వండి, ఉతికి, మొక్కలకి నీళ్ళు పోసి... ఇది మన అమ్మల దినచర్య కాదూ? శుభ్రం చేసే పనైతే రెండుసార్లు వచ్చింది, పారిశుధ్యంగా ఒకసారి, హౌస్‌కీపింగ్‌గా మరోసారి. ఒకే పనిని కులం చేసే పనిగానూ, ఇల్లాలు చేసే పనిగానూ విడగొట్టి, రెండింటినీ కొట్టేశారు. ఇక జాబితాలో ఆఖరి అంశం చూడండి. అప్పుడప్పుడూ జరిగే పనైతే, అది కోర్ పనే అయినా సరే, మినహాయింపే. నిర్వచనాన్ని నిర్వచనమే మింగేసింది. పదకొండు నెలల ఒప్పందాల మీద బతికే నాలాంటివాళ్ళం ఆ తలుపు దగ్గరే నిలబడి ఉంటాం.

దీనికి ముందు ఒక చరిత్ర ఉంది. ఊడవటం, శుభ్రం చెయ్యటం, దుమ్ము దులపటం అన్న ఈ మాటలే అంతకుముందు మరో ప్రభుత్వ కాగితంలో ఉన్నాయి. 1976 డిసెంబర్‌లో కేంద్ర ప్రభుత్వం ఒక ప్రకటన చేసింది. తన పరిధిలోని సంస్థల భవనాల్లో ఈ పనులకీ, కాపలాకీ కాంట్రాక్టు కార్మికులని పెట్టటాన్ని నిషేధించింది. ఆ ప్రకటన మీద ఆధారపడే 1996లో ఎయిర్ ఇండియా కేసులో సుప్రీం కోర్టు, నిషేధం ఉన్నచోట పనిచేస్తున్నవాళ్ళని అసలు యజమాని తనవాళ్ళుగా తీసుకోవాలంది. 2001లో స్టీల్ అథారిటీ కేసులో అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ తీర్పుని తోసిపుచ్చింది, 1976 ప్రకటననీ కొట్టేసింది. 2003లో అవే మాటలు మన రాష్ట్ర సవరణలో కనిపించాయి, ఈసారి కాంట్రాక్టుకి ఇవ్వదగ్గ పనులుగా. పాతికేళ్ళలో మాట మారలేదు, మాట ఉన్న గడి మారింది. పద ప్రయోగ చరిత్రలు రాసేవాళ్ళం ఇలాంటివి ఎందుకు రాయం?

ఆ జాబితా మన రాష్ట్రంలో ఆగిపోలేదు. 2020లో పార్లమెంటు ఆమోదించిన వృత్తిపరమైన భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్‌లో 'కోర్' నిర్వచనం దాదాపు ఆ మాటలతోనే, ఆ వరసలోనే ఉంది. 2025 నవంబర్ 21న అది అమల్లోకి వచ్చింది, 1970 చట్టం పోయింది. కొత్త కోడ్‌లోని కాంట్రాక్టు నిబంధనలు 50 మంది, ఆ పైన ఉన్నచోట మాత్రమే వర్తిస్తాయి. మనం మాదాపూర్‌ని ఎంత స్థానికమైన వస్తువుగా చూసినా, ఇక్కడ రాసిన వాక్యాన్ని ఇప్పుడు దేశమంతా చదువుతోంది.

ఇప్పుడు మన ఇంటి సంగతికి వస్తాను. స్త్రీవాద సాహిత్యం ఇంటిపనిని చర్చలోకి తెచ్చింది. 'నీలిమేఘాలు' (1993) తరం కవయిత్రులు, ముఖ్యంగా విమల 'వంటిల్లు' కవితలో, ఆ పని ఎవరికీ ఎందుకు కనపడదో అడిగారు. ఇంటిపని, బైటిపని గురించి రంగనాయకమ్మ ఏళ్ళ తరబడి వాదిస్తూనే ఉన్నారు. ఓల్గా 'స్వేచ్ఛ' (1987)లో అరుణ గుమ్మం దాటితే మనమందరం ఆమెతోపాటు దాటాం. మా తరానికి ఇవే బడి. ఆ కృతజ్ఞతతోనే అడుగుతున్నాను: గుమ్మం దాటి మనం చేరిన ఆఫీసుని తుడుస్తున్నదెవరు? ఇంట్లో చేస్తే జీతం లేని ఆ పనికే బయట జీతం వచ్చింది, కానీ విలువ రాలేదు. దాని పేరు చూడండి, హౌస్‌కీపింగ్. పన్నెండు అంతస్తుల గాజు కట్టడాన్ని 'హౌస్' అన్నారు. ఇల్లు అనగానే అది నైపుణ్యం అక్కరలేని పని, ఆడది పుట్టుకతో తెచ్చుకున్న పని అయిపోతుంది. ఇంట్లో జీతం లేకపోవటానికి ఏ కారణం చెప్పారో, బయట తక్కువ జీతానికీ అదే కారణం చెప్పారు. వంటింటి మీద మనకి పదునైన విమర్శ ఉంది. ప్యాంట్రీ దగ్గరికి వచ్చేసరికి ఆ విమర్శ ఏమైపోయింది?

ఈ ప్రశ్న నేను కొత్తగా వేస్తున్నదేమీ కాదు. దళిత స్త్రీలు ఎప్పుడో వేశారు. గోగు శ్యామల, జూపాక సుభద్ర, ఇంకా చాలామంది, పని అన్న మాట పక్కన కులం అన్న మాట లేకుండా వాక్యం పూర్తికాదని చెబుతూనే ఉన్నారు. మలాన్ని చేత్తో ఎత్తే స్త్రీల గురించి భాషా సింగ్ రాసిన పుస్తకాన్ని సజయ 'అశుద్ధ భారత్'గా తెలుగులోకి తెచ్చినప్పుడు మనమంతా కదిలిపోయాం. కానీ అది ఎక్కడో జరిగే పాత అమానుషం అనుకుని చదివాం. నున్నటి గ్రానైటు మీద, లిఫ్టు పాట వినపడుతున్నప్పుడు కులం ఉండదని మనకో నమ్మకం. ఎనిమిదో అంతస్తులో వాష్‌రూమ్ వాళ్ళు ప్యాంట్రీ గిన్నెలు ముట్టుకోకూడదన్నది ఎక్కడా రాసిలేదు. అయినా ప్యాంట్రీకి ఎవరిని వెయ్యాలో, వాష్‌రూమ్‌కి ఎవరిని వెయ్యాలో సూపర్‌వైజర్‌కి బాగా తెలుసు. ఆమెని నేను అడిగితే, "నీకు దెల్వదా?" అని నా మొహంలోకి చూసింది. నాకు తెలుసు. నా పత్రంలో రాయలేదు, అంతే.

ఇంతకీ మన కథకులు ఈ మనిషిని రాయకపోవటానికి కారణం దయ లేకపోవటమేనా? నేనలా అనుకోవటం లేదు. శ్రీశ్రీ 'దేశచరిత్రలు'లో రాళ్ళెత్తినవాళ్ళ గురించి అడిగిన ప్రశ్న తెలుగు చదివిన ప్రతివాళ్ళకీ నోటికి వచ్చు. దయకి మనకి కొరత లేదు. చిక్కు శిల్పంలో ఉంది. మన శ్రామిక కథ ఎదురుబొదురు నిలబడ్డ ఇద్దరి మీద కట్టిన కథ. దొర, జీతగాడు. యాజమాన్యం, యూనియన్. అల్లం రాజయ్య, పి. చంద్ లాంటివాళ్ళ సింగరేణి సాహిత్యంలో బొగ్గుబావి ఎవరిదో తెలుసు, సమ్మె ఎవరి మీదో తెలుసు. కథ ఆ ఎదుర్కోలు వైపుగా నడుస్తుంది. ఏజెన్సీ చేసిన పనల్లా ఆ ఇద్దరి మధ్యలోకి వచ్చి నిలబడటం. కంపెనీని అడిగితే మా ఉద్యోగి కాదంటుంది. ఏజెన్సీని అడిగితే క్లయింటు వద్దన్నాడంటుంది. తిట్టటానికి దొరికేది సూపర్‌వైజర్ ఒక్కడే, అతనూ ఏజెన్సీ వాడే, నెలనెలా భయపడుతూ బతికేవాడే. ఇక పతాక సన్నివేశం ఎక్కడ పెట్టాలి? తొలగింపుని కూడా తొలగింపు అనరు. 'సైట్ మార్చాం' అంటారు. మాదాపూర్‌లో పనిచేసే మనిషిని శంషాబాద్ వెళ్ళమంటారు. సిద్దిక్ నగర్‌లో రేకుల గదిలో ఉండి, పొద్దున ఆరింటికి డ్యూటీ ఎక్కాల్సిన మనిషి శంషాబాద్ వెళ్ళలేదని అందరికీ తెలుసు. ఆమె వెళ్ళదు. అప్పుడామె తనంతట తనే మానేసినట్టు. కథకుడి చేతిలో ఒక సంఘటన కూడా మిగలదు.

విచిత్రంగా న్యాయస్థానాలు కూడా ఈ శిల్ప సమస్య దగ్గరే ఆగాయి. ఆ 2001 తీర్పులోనే, ఒప్పందం ఉత్త ముసుగు అయితే దాన్ని పక్కకి లాగి అసలు యజమాని ఎవరో తేల్చవచ్చని ఉంది. పని ఎవరు పురమాయిస్తున్నారు, ఎవరి అదుపులో జరుగుతోంది అని వెతకాలి. అంటే క్రియకి కర్తని వెతకటమే. కోర్టుల్లో అందుకు ఏళ్ళు పడుతుంది. కథలో అయితే నాలుగు పేజీలు చాలు. ఎందుకు రాయటం లేదన్నదే నా ప్రశ్న.

రాయొచ్చని చూపించిన కథ మనకి పొరుగునే ఉంది. మహాశ్వేతాదేవి 'స్తనదాయిని'. అందులో జశోద హల్దార్ల ఇంట్లో పాలిచ్చే తల్లిగా జీతానికి కుదురుతుంది. ఆ ఇంటి పిల్లలు పెరగటానికి ఆమె పాలకంటే మూలమైన పని ఇంకేముంది? అయినా ఆమె ఆ ఇంటి మనిషి కాదు. యజమానురాలు పోయి, కోడళ్ళ కాలం వచ్చాక ఆమెతో అవసరం తీరిపోతుంది. పాలిచ్చిన రొమ్ముకే క్యాన్సర్ వచ్చి, ఆస్పత్రిలో దిక్కులేకుండా చనిపోతుంది. ఆమె పాలు తాగి పెరిగినవాళ్ళు ఎవరూ దగ్గర ఉండరు. ఈ కథని స్త్రీవాద విమర్శ మాతృత్వం గురించీ, దేశం గురించీ, శరీరం గురించీ ఎన్నో విధాల చదివింది. తరగతిలో నేనూ అలాగే చెప్పాను. మాదాపూర్ తర్వాత దాన్ని కార్మిక ఒప్పందం కథగా చదివాను. అక్కడా ఆమెని ఎవరూ 'తీసెయ్యలేదు'. అవసరం తీరిపోయింది, అంతే. మహాశ్వేత గొప్పతనం ఎక్కడంటే, ఆ అవసరం ఎవరిదో, ఎప్పుడు ఎందుకు తీరిందో ఒక్కొక్కరినీ పేరు పెట్టి చెబుతుంది. కర్తని తప్పించుకోనివ్వదు.

"ఆమె కథ ఆమే రాసుకోవాలి, మనం రాస్తే అది దోపిడీ" అని ఒక మిత్రురాలు అంది. ఆ మాటలో నిజాయితీ ఉంది, సౌకర్యం కూడా ఉంది. పొద్దున ఆరు నుంచి మధ్యాహ్నం మూడు దాకా ఆఫీసులో, తర్వాత అపార్ట్‌మెంట్లలో నాలుగిళ్ళు చేసుకునే మనిషి తీరిక చేసుకుని రాసేదాకా మనం ఎదురుచూస్తూ కూర్చుంటామా? 1986లో స్త్రీశక్తి సంఘటన 'మనకు తెలియని మన చరిత్ర' తెచ్చినప్పుడు తెలంగాణ సాయుధ పోరాటంలో స్త్రీలు చెబితే విని రాశారు. వినటం ఎలాగో, చెప్పినవాళ్ళ మాటని చెప్పినట్టు ఉంచటం ఎలాగో మనకి నేర్పిన పుస్తకమది. పోరాటం ముగిసిన దాదాపు ముప్పై అయిదేళ్ళకి విన్నారు. మనకు ఇప్పుడే వినే అవకాశం ఉంది.

2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చింది. నీలం తాడు వాళ్ళు ల్యాప్‌టాప్‌లు పట్టుకుని ఇళ్ళకి వెళ్ళారు. ఆ తర్వాత ఇంటినుంచి పని గురించి ఎన్ని కథలొచ్చాయో మీకు తెలుసు. ఊడ్చే పని ఇంటినుంచి చెయ్యటం కుదరదు. ఆ మనుషులు పాలమూరు దారి పట్టారో, గదుల్లోనే ఉండిపోయారో మన కథలకి తెలియదు.

మళ్ళీ ఆ ఎండాకాలానికి వస్తాను. ఆమె నన్ను ఒక అర్జీ రాసిపెట్టమంది. తెలుగులో డాక్టరేట్ చేసినదాన్ని, అర్జీ ఎంతసేపు అనుకున్నాను. మొదటి మాట దగ్గరే ఆగిపోయాను. గౌరవనీయులైన... ఎవరికి? అప్పటి చట్టం ప్రకారం కాంట్రాక్టర్ జీతం ఎగ్గొడితే అసలు యజమాని ఇవ్వాలి. కానీ ఆమె దగ్గరున్న ఏ కాగితం మీదా ఆ యజమాని పేరు లేదు. చివరికి మూడు ప్రతులు రాశాం: ఏజెన్సీకి, కంపెనీకి, కార్మిక శాఖకి. ఉద్యోగం తిరిగి రాలేదు. ఆగిపోయిన నెల జీతం వచ్చింది, పీఎఫ్‌లో కొంత వచ్చింది. ఏజెన్సీ నుంచి రెండు వాక్యాల జవాబొచ్చింది, ఇది తొలగింపు కాదు, సైట్ మార్పు అని. నా ఒప్పందం ఆ తర్వాత మూడు నెలలకి ముగిసింది. నన్నూ ఎవరూ తీసెయ్యలేదు, పొడిగించలేదు, అంతే.

అర్జీ రాసిన రోజు సాయంత్రం వాళ్ళ గదిలో, మంచం మీద అట్ట పెట్టుకుని రాశాను. "ఏం రాసినవో సదువు" అంది. చదివాను. 'నన్ను విధుల నుండి తొలగించారు' అన్న వాక్యం దగ్గర ఆపింది.

"ఎవరు తీసిన్రో రాయలేదేంది?"

"నీకూ తెలియదన్నావు కదక్కా."

ఆమె బియ్యం చెరుగుతున్న చాట పక్కన పెట్టింది. "ముగ్గురివి రాయి. సూపర్‌వైజర్‌ది, ఏజెన్సీది, కంపెనీది. ఎవరు గాదో వాళ్ళే వొచ్చి చెప్తరు."

ఆ వాక్యం కొట్టేసి, మూడు ప్రతుల్లోనూ మళ్ళీ రాశాను.